చిక్కటిదా, పలుచటిదా? ఇంజిన్ ఆయిల్ డబ్బా మీది అంకెలు చెప్పే సంగతి

పుదుచ్చేరిలో మే నెల మధ్యాహ్నం. స్పేర్ పార్టుల దుకాణం ముందు బైకు ఆపి ఇంజిన్ ఆయిల్ అడిగినవారికి తరచూ వినిపించే సలహా ఒకటుంది: "ఎండలు మండిపోతున్నాయి, కాస్త చిక్కటిదే తీసుకోండి." బండి కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో 10డబ్ల్యూ-30 అని ఉంటుంది. చేతికి వచ్చే డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని ఉంటుంది. ఎండకు నూనె పలుచబడుతుంది కాబట్టి చిక్కటిది పోయాలన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. అందులో సగం నిజం కూడా ఉంది. మిగతా సగం తెలియకపోతే ఇంట్లో శ్రద్ధగా నూనె మార్చుకున్నవారు కూడా ఇంజినుకు మేలు చేయబోయి కీడు చేసినవారవుతారు.

కందెన అనే మాట తెలుగువారికి కొత్త కాదు. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకపోతే చక్రం కీచుమంటుంది, ఇరుసు వేడెక్కుతుంది, చివరకు అరిగిపోతుంది. ఆ కందెనలో ఆముదం వాడిన ఊళ్లు చాలా ఉన్నాయి. తొలి రోజుల విమాన ఇంజిన్లలోనూ ఆముదమే పోశారు. క్యాస్ట్రాల్ అనే పేరు పుట్టింది కూడా ఆముదానికి ఉన్న ఇంగ్లీషు పేరు నుంచే. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆముదం చిక్కదనం నేటి 50 గ్రేడు ఇంజిన్ ఆయిల్‌తో సరిపోతుంది. అయితే అది గాలి తగిలి, వేడెక్కి త్వరగా జిగురు కడుతుంది. అందుకే ఇంజిన్లలో దాని స్థానాన్ని పెట్రోలియం నూనెలు ఆక్రమించాయి.

బిరడాను ఎగదన్నిన నూనె

ఇంజిన్‌లో నూనె చేసే పని గురించి చాలామందికి ఉన్న ఊహ ఒకటే: అది లోహాల మధ్య జారుడు కలిగిస్తుంది. అసలు సంగతి అంతకన్నా విచిత్రమైనది. 1880లలో బోషాం టవర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు లండన్‌లోని మెకానికల్ ఇంజినీర్ల సంస్థ కోసం రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. నూనె పోయడానికని బేరింగు పైభాగంలో ఒక రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి తన్నుకొచ్చింది. బిరడా పెడితే అదీ ఎగిరిపోయింది. పీడనమాపకం బిగిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్ల గీతను దాటేసింది. బేరింగు మీద పడుతున్న సగటు భారం అందులో సగమే.

అంటే తిరిగే ఇరుసు తనతో పాటు నూనెను ఇరుకు సందులోకి లాక్కుపోతోంది. అక్కడ ఒత్తుకున్న నూనె ఇరుసును, దాని మీది బరువును కలిపి పైకి ఎత్తి నిలబెడుతోంది. లోహం లోహాన్ని తాకడమే లేదు. దీనికి గణిత వివరణను ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో ఇచ్చాడు. ఈ పొర మందం కొన్ని మైక్రాన్లకు మించదు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తు చేసుకుంటే అది ఎంత పలుచనిదో అర్థమవుతుంది.

ఆ పొర నిలవాలంటే రెండు కావాలి. ఒకటి వేగం, రెండోది స్నిగ్ధత. ద్రవం తన పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలతే స్నిగ్ధత, వాడుక మాటలో చిక్కదనం. అది మరీ తక్కువైతే పొర చిరిగి లోహాలు రాసుకుంటాయి. మరీ ఎక్కువైతే నూనెను కలపడానికే ఇంజిన్ శక్తి ఖర్చవుతుంది, ఇరుకు దారుల్లోకి అది చేరడమూ ఆలస్యమవుతుంది. "చిక్కటిది మంచిది" అనే మాటకు సైన్సులో చోటు లేదు. ఆ ఇంజిన్‌కు, ఆ వేడి దగ్గర సరిపడినది మంచిది.

స్నిగ్ధతకు పాత ప్రమాణమైన పాయిజ్ పేరు పారిస్ వైద్యుడు పాజెయ్ నుంచి వచ్చింది. పుదుచ్చేరి ఫ్రెంచి పాలనలో ఉన్న కాలంలోనే, 1840 ప్రాంతాల్లో, ఆయన సన్నని గొట్టాల్లో ద్రవాలు పారే తీరును కొలిచాడు. ఆయన ఆసక్తి నూనెల మీద కాదు, రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందనే దాని మీద.

అంకెల వెనుక

ఇంజిన్ ఆయిల్ గ్రేడులను నిర్ణయించేది అమెరికాకు చెందిన ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ. 10డబ్ల్యూ-30లో రెండో అంకె, అంటే 30, వేడెక్కిన నూనెకు సంబంధించింది. 100 డిగ్రీల దగ్గర నూనె స్నిగ్ధత 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు ఉంటే అది 30 గ్రేడు. 12.5 నుంచి 16.3 లోపు ఉంటే 40. 16.3 నుంచి 21.9 లోపు ఉంటే 50. గది ఉష్ణోగ్రత దగ్గర నీటి స్నిగ్ధత సుమారు ఒక సెంటీస్టోకు. ఇక్కడ 30, 40 అనేవి డిగ్రీలు కావు, శాతాలు కావు, వట్టి తరగతి పేర్లు.

డబ్ల్యూ అంటే ఇంగ్లీషులో చలికాలానికి మొదటి అక్షరం. 10డబ్ల్యూ నూనెను సున్నాకు దిగువన 25 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. 20డబ్ల్యూ నూనెకు సున్నాకు దిగువన 15 డిగ్రీలు చాలు. ఆ చలిలో కూడా ఇంజిన్ తిరగడానికి అడ్డుపడనంత పలుచగా నూనె ఉండాలన్నదే పరీక్ష ఉద్దేశం. పుదుచ్చేరిలో జనవరి రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఆ రోజుల్లో కొబ్బరినూనె సీసాలో తెల్లగా పేరుకుంటే చలి బాగా ఉందని ఇంట్లో అనుకుంటారు. అలాంటి ఊళ్లో సున్నాకు దిగువ పరీక్షలతో పనేమిటని అడగవచ్చు. నిజమే, ఇక్కడ 20డబ్ల్యూ నూనె గడ్డకట్టి బండి స్టార్టు కాకుండా పోదు.

కానీ చలి లేదన్నంత మాత్రాన తేడా లేదని కాదు. మార్కెట్లో దొరికే మామూలు నూనెల విలువలతో లెక్క కడితే, 25 డిగ్రీల దగ్గర 10డబ్ల్యూ-30 స్నిగ్ధత సుమారు 145 సెంటీస్టోకులు, 20డబ్ల్యూ-50ది 390 దాకా వస్తుంది. వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర, అవే నూనెలు సుమారు 11, 18 సెంటీస్టోకులకు దిగుతాయి. పొద్దున్నే మీట నొక్కిన క్షణంలో రెండో నూనె మొదటిదానికన్నా రెండున్నర రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. ఇంజిన్ అరుగుదలలో గణనీయమైన భాగం ఇలా చల్లగా స్టార్టు చేసినప్పుడే, నూనె పై భాగాలకు ఇంకా అందని తొలి క్షణాల్లోనే జరుగుతుంది.

ఈ మార్పును ఇంట్లోనే చూడవచ్చు. ఒక కాగితం కప్పు అడుగున సూదితో చిన్న రంధ్రం చేసి, ఆముదం పోసి, 50 మిల్లీలీటర్లు కారడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో సమయం చూడాలి. తర్వాత అదే ఆముదాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చన దాటేదాకా వేడిచేసి మళ్లీ చూడాలి. నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరిన ఆముదం నాలుగైదు రెట్లు వేగంగా కారుతుంది. ఇంజినీరింగ్ కాలేజీల ప్రయోగశాలల్లో రెడ్‌వుడ్ విస్కోమీటరు చేసే పని ఇంచుమించు ఇదే: 50 మిల్లీలీటర్ల నూనె, ఒక రంధ్రం, ఒక గడియారం.

వేడికి అంతగా పలుచబడే నూనెను రెండు అంకెల మధ్య నిలిపేది పాలిమర్లు. ఈ పొడవాటి అణువులు చల్లని నూనెలో ఉండలు చుట్టుకుని ఉంటాయి. వేడెక్కినప్పుడు విచ్చుకుని నూనె మరీ పలుచబడకుండా ఆపుతాయి. వీటికి ఒక బలహీనత ఉంది. గేర్ల పళ్ల మధ్య పడి నలిగితే తెగిపోతాయి. కారులో గేర్‌బాక్సు నూనె వేరు, ఇంజిన్ నూనె వేరు. మన బైకుల్లో ఇంజిన్, క్లచ్, గేర్లు మూడూ ఒకే నూనెలో మునిగి ఉంటాయి. అందుకే బైకు నూనె కారు నూనెకన్నా త్వరగా చిక్కదనం కోల్పోతుంది.

పుదుచ్చేరి ఎండ, పుదుచ్చేరి దూరాలు

ఇక ఎండ సంగతి. వేసవిలో ఇక్కడ పగటి వేడి 38 డిగ్రీలకు చేరడం మామూలే, కొన్ని రోజులు 40 దాటుతుంది. నీటితో చల్లబడే ఇంజిన్‌లో థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి బయటి వేడి ప్రభావం తక్కువ. గాలితో చల్లబడే బైకుల్లో బయటి వేడి నేరుగా లెక్కలోకి వస్తుంది. వారాంతపు రద్దీలో అన్నా సాలై సిగ్నళ్ల దగ్గర నిలిచిపోయిన బైకుకు గాలి తగలదు, నూనె 100 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇద్దరిని ఎక్కించుకుని చెన్నై దాకా వెళ్లే పెద్ద బైకుదీ ఇంచుమించు అదే కథ. దుకాణదారు సలహాలోని నిజమైన సగం ఇది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 సీసీ బైకులకు కంపెనీయే 15డబ్ల్యూ-50 చెప్పడంలో ఇలాంటి లెక్కలే ఉంటాయి.

అయితే ఊళ్లో తిరిగే బండ్లలో ఎక్కువ భాగం అలాంటివి కావు. బులెవార్డుల లోపలి పాత పట్టణాన్ని ఒక అంచు నుంచి మరో అంచుకు దాటడానికి స్కూటరు మీద పది నిమిషాలు కూడా పట్టదు. పొద్దున పాలకు, తర్వాత బడికి, సాయంత్రం కూరగాయలకు. ప్రతిసారీ ఇంజిన్ స్టార్టవుతుంది, నూనె పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతుంది.

ఇక్కడే అసలు నష్టం. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. నమ్మశక్యం కాకపోయినా ఇది హైస్కూలు రసాయనశాస్త్రం లెక్కే: పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఆ ఆవిరిలో చాలా భాగం సైలెన్సరు గుండా పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి జారి కిందికి దిగుతుంది. మండని పెట్రోలు కూడా కాస్త అదే దారి పడుతుంది. నూనె బాగా వేడెక్కితే ఈ రెండూ ఆవిరై బయటికి పోతాయి. పది నిమిషాల ప్రయాణాల్లో పోవు. పెట్రోలు కలిసిన నూనె పలుచబడుతుంది, నీరు కలిసినది మజ్జిగలా తెల్లబడుతుంది, లోపల ఆమ్లాలు పేరుకుంటాయి. సముద్రపు తేమ గాలి దీనికి తోడు.

కాబట్టి పుదుచ్చేరి లోపలే తిరిగే స్కూటరుకు కావలసింది చిక్కటి నూనె కాదు, తరచుగా మార్చిన నూనె. కిలోమీటర్లు తక్కువే తిరిగిందని ఏడాదిన్నర పాటు అదే నూనె ఉంచడం చాలామంది చేసే పొరపాటు. సర్వీసు పట్టికలో కిలోమీటర్ల పక్కన నెలలు కూడా రాసి ఉండేది అందుకే, ఏది ముందొస్తే అది లెక్క. చిక్కటి నూనె పోస్తే అది వేడెక్కడానికి మరింత సమయం తీసుకుంటుంది తప్ప నీటి సమస్య తీరదు.

ఇంకో సంగతి. చాలా చిన్న బైకులు, స్కూటర్లలో క్రాంక్ షాఫ్టు బాల్ బేరింగులు, రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది. టవర్ పరీక్షించిన రకం బేరింగులకు కావలసినంత మందపాటి నూనె పొర వీటికి అక్కర్లేదు. 10డబ్ల్యూ-30 ఇక్కడి ఎండలోనూ సరిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

క్లచ్ జారితే

గ్రేడు సరిపోయినంత మాత్రాన నూనె సరిపోయినట్టు కాదు. డబ్బా వెనక జాసో అనే జపాన్ ప్రమాణం గుర్తు ఉంటుంది. గేర్ల బైకుల్లో క్లచ్ పలకలు నూనెలోనే మునిగి ఉంటాయి కాబట్టి వాటికి పట్టు కావాలి. ఎంఏ, ఎంఏ2 గుర్తులున్న నూనెలు ఆ పట్టును ఉంచుతాయి. ఎంబీ గుర్తున్నవి ఘర్షణను ఇంకా తగ్గిస్తాయి. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ పొడిగా, నూనెకు దూరంగా ఉంటుంది, కాబట్టి వాటికి ఎంబీ తగినది. హోండా యాక్టివాకు 10డబ్ల్యూ-30 ఎంబీ వాడేది అందుకే. ఇంట్లో స్కూటరు, బైకు రెండూ ఉన్నప్పుడు స్కూటరుకు మిగిలిన ఎంబీ నూనెను బైకులో పోస్తే, అంకెలు ఒకటే అయినా, ఎక్కువ బరువుతో వెళ్తున్నప్పుడు క్లచ్ జారడం మొదలుకావచ్చు. ఇంధనం ఆదా చేసే కారు నూనెలతోనూ అదే ఇబ్బంది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్-6 బండ్లలో మరో జాగ్రత్త ఉంది. అరుగుదలను ఆపడానికి నూనెలో కలిపే జింకు, భాస్వరం సమ్మేళనం పొగతో పాటు బయటికి పోయి సైలెన్సరులోని క్యాటలిటిక్ కన్వర్టరును క్రమంగా మొద్దుబారుస్తుంది. పాత డబ్బా ఏదో ఉంది కదా అని కొత్త బండిలో పోయకూడదు.

మార్చే పద్ధతి

పని కష్టమైనది కాదు, తొందర పనికిరాదు. బండిని సమతలం మీద సెంటర్ స్టాండు వేసి, మూడు నాలుగు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపాలి. వెచ్చబడిన నూనె బాగా కారుతుంది, అడుగున చేరిన మడ్డిని తనతో తెస్తుంది. మరీ వేడిగా ఉన్నప్పుడు విప్పితే చెయ్యి కాలుతుంది, సైలెన్సరూ పక్కనే ఉంటుంది. చేతికి తొడుగులు తప్పనిసరి. వాడిన ఇంజిన్ నూనె పదే పదే చర్మానికి తగిలితే క్యాన్సరు కలిగిస్తుందని ఎలుకల మీద జరిగిన పరీక్షల్లో తేలింది.

కింద వెడల్పాటి ట్రే పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాలి. నూనె ఆగాక కూడా మరో పది నిమిషాలు వదిలేయాలి. బోల్టుకున్న వాషరు మెత్తని లోహంతో చేసింది, ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా మూయదు. కొత్తది వేయడం మంచిది. తిరిగి బిగించేటప్పుడే ఎక్కువ నష్టాలు జరుగుతాయి. ఇంజిన్ అడుగు భాగం అల్యూమినియం, బోల్టు ఉక్కు. బలంగా బిగిస్తే తెగేది అల్యూమినియం మరలే. చిన్న బండ్లకు సాధారణంగా 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య బలం చాలు, కచ్చితమైన అంకె పుస్తకంలో ఉంటుంది. టార్క్ రెంచి లేనివారు పొడవాటి పానా వాడకుండా ఉంటే సగం ప్రమాదం తప్పుతుంది. బండిని బట్టి కాగితం ఫిల్టరో, కడిగి పెట్టే లోహపు జల్లెడో ఉంటుంది, దాన్నీ చూసుకోవాలి. స్కూటర్లలో వెనక చక్రం దగ్గరి గేర్ల నూనె వేరుగా ఉంటుందన్నది చాలామంది మరిచిపోయే విషయం.

కారిన నూనె నల్లగా ఉందని కంగారు అక్కర్లేదు. మసిని పట్టి తేలియాడేలా ఉంచడం నూనెలో కలిపిన డిటర్జెంటు పని, అది తన పని చేసిందని అర్థం. మజ్జిగ రంగు ఉంటే నీరు చేరింది. పెట్రోలు వాసన కొడితే పెట్రోలు కలిసింది. వేలితో తడిమితే తగిలేంత లోహపు రేకులుంటే మెకానిక్ దగ్గరికి వెళ్లవలసిందే.

కొత్త నూనెను పుస్తకంలో చెప్పిన కొలతకన్నా కాస్త తక్కువ పోసి, రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలయ్యాక డిప్‌స్టిక్‌తో చూసి మిగతాది కలపాలి. చాలా బండ్లలో డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే నూనె ఎక్కువున్నట్టు కనిపిస్తుంది, పోసింది చాలని పొరబడతారు. అలాగని పై గీత దాటించడమూ ప్రమాదమే. తిరిగే క్రాంకు నూనెను చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలే తప్ప బరువు మోసే పొర ఉండదు.

పాత నూనె ఎక్కడికి?

పుదుచ్చేరి పట్టణం తాగునీటికి భూగర్భ జలం మీదే ఆధారపడింది. ఇసుక నేలలో పోసినది కిందికి దిగడానికి అడ్డేమీ ఉండదు. వీధి కాలువల్లో పోస్తే అది ఊరి మధ్యగా వెళ్లే పెద్ద కాలువ గుండా సముద్రానికి చేరుతుంది. ఒక కారుకు ఒకసారి మార్చిన పాత నూనె పది లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 38 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. స్కూటరు నుంచి వచ్చేది అంతకన్నా తక్కువే అయినా, ఊళ్లో స్కూటర్లెన్నో లెక్క పెట్టుకోవాలి. చెదలు పట్టకుండా వాసాలకు, కంచె గుంజలకు పాత నూనె పూసే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. వానకు అదీ నేలలోకే దిగుతుంది.

దేశంలో 2016 నాటి నియమాల ప్రకారం వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, దాని సేకరణ, పునఃశుద్ధి బాధ్యతను నూనె తయారుచేసేవారి మీదా, దిగుమతి చేసుకునేవారి మీదా పెట్టింది. సరిగా శుద్ధి చేస్తే పాత నూనె నుంచి మళ్లీ కందెనకు పనికొచ్చే మూల నూనె వస్తుంది. నూనె అణువులు అరిగిపోవు, పాడయ్యేవి చాలావరకు అందులో కలిపిన పదార్థాలే. ఇంట్లో మార్చినవారు దాన్ని మూత ఉన్న డబ్బాలో పోసి, నీళ్లు గానీ కిరోసిన్ గానీ కలవకుండా, పాత నూనె సేకరించే సర్వీసు సెంటరుకు ఇవ్వాలి. ఇందుకు కొత్త నూనె వచ్చిన ఖాళీ డబ్బానే వాడవచ్చు. డబ్బా వట్టిదిగా మిగిలితే మాత్రం పారేసే ముందు దానికి మేకుతో రెండు చిల్లులు పెట్టాలి. పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాల్లో నకిలీ నూనె నింపి అమ్మేవారికి కావలసింది సరిగ్గా అలాంటి డబ్బాలే.